ఊరికే రెండు రోజులు

పుంగనూరులో చింతపండు వ్యాపారం చేసే మునిరత్నం మాటను కూడా సరుకులాగే చూస్తాడు. దేన్ని ఎప్పుడు బయటికి తీయాలో, ఎంతవరకు దాచాలో తెలిసినవాడే బజారులో నిలుస్తాడని అతని లెక్క. మార్చిలో కొన్న పండును కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఎవరు ఎంత అడిగినా "సూద్దాం లేప్పా" అని నవ్వి నెలల తరబడి ఊరుకోగలడు. అలాంటి మనిషికి కూతురు ఒక రహస్యం అప్పజెప్పింది. ఇంకేం, గట్టి చేతిలోనే పడింది.

దీపిక మదనపల్లెలో డిగ్రీ చివరి పరీక్షలు రాసి ఇంటికొచ్చింది. వచ్చిన రోజే తండ్రి ముందు కూర్చుని, ఈ ఇంట్లోవాళ్లు నలుగురూ కలిసి కారెక్కిందల్లా పెళ్లికో చావుకో ఆస్పత్రికో పోవడానికేనని, ఊరికే ఎక్కడికైనా పోయింది ఒక్కసారైనా ఉంటే చెప్పమంది. మునిరత్నం వెతికాడు. దొరకలేదు. బెంగళూరు దారిలో హోసకోట దగ్గర కొత్తగా ఒక హోటలు కట్టారని, దాని లోపలే, కప్పు కిందే, పెద్ద నీళ్ల పార్కు ఉందని ఫోన్‌లో చూపించింది.

"అవ్వకు మాత్రం సెప్పొద్దు నాన్నా. ముందే సెప్తే రాదు. సర్‌ప్రైజ్‌గా పోదాం."

మునిరత్నం అటూ ఇటూ తూచి చూసుకున్నాడు. సీజను ముగిసింది, సరుకంతా లోపలికి చేరింది. పిల్ల ఇంకెన్నాళ్లు ఇంట్లో ఉంటుందో తెలియదు. అమ్మకు డెబ్బై దాటాయి. ఇలాంటి ఖర్చు పెట్టడానికి ఇంతకంటే మంచి అదను రాదనిపించింది.

శనివారం పొద్దున తల్లి వెంకటలక్ష్మమ్మ బియ్యం చెరుగుతుంటే దగ్గరికి పోయి, "అమ్మా, బెంగళూరుకు పోయొద్దాం రా. ఊరికే రెండు రోజులు" అన్నాడు.

ఆమె చేతిలో చేట ఆగింది. కొడుకు మొహంలోకి కాసేపు చూసింది.

"యాలరా?"

"ఊరికేనమ్మా."

"సరే."

బేరం ఇంత తేలిగ్గా కుదిరిందని మురిసిపోయాడే గాని, ఎదుటివాడు మారుమాట లేకుండా ఒప్పుకున్నప్పుడు సరుకును ఇంకొకసారి చూసుకోవాలన్న తన సొంత నియమం అతనికి ఆ పూట గుర్తు రాలేదు.

కారెక్కేముందు భార్య హేమలత ఉప్మా పెడితే, వెంకటలక్ష్మమ్మ వద్దంది. కనీసం కాఫీ అయినా ముట్టలేదు. ఊరు దాటాక, "రత్నా, కుప్పం మీద పోదామా? విజయమ్మను సూసి శానా దినాలాయ" అంది. విజయమ్మ ఆమె చెల్లెలు. కుప్పం మీదుగా అంటే చుట్టుదారి. మామూలు రోజైతే మునిరత్నం డీజిల్ గురించి ఒక మాట అనేవాడే. ఇవాళ స్టీరింగు తిప్పాడు.

కుప్పంలో అక్కచెల్లెళ్లిద్దరూ వాకిట్లో చాప మీద కూర్చుని, మాటల కంటే ఎక్కువగా ఒకరి చేతులొకరు పట్టుకుని ఉండిపోయారు. బయలుదేరేటప్పుడు విజయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పెద్దవాళ్లు ఇంతే అనుకుని అతను కారు తీశాడు.

హోటలు వాకిలి పెద్ద అద్దాల తలుపు. తలుపు తీయగానే బ్లీచింగు పౌడరు వాసన. తెల్లబట్టల పిల్ల ఒకతి నవ్వుతూ వచ్చి, వెంకటలక్ష్మమ్మ మణికట్టుకు నీలం ప్లాస్టిక్ పట్టీ చుట్టి గట్టిగా అంటించింది. "ఇది తీయకూడదమ్మా, పోయేదాకా ఉండాలి" అంది. పార్కు దగ్గర ఇంకో పిల్ల, గొలుసు, కమ్మలు తీసి లాకర్లో పెట్టాలంది. చీరతో లోపలికి పంపరట. వదులు ప్యాంటు, మోకాళ్ల దాకా వచ్చే చొక్కా ఇచ్చింది. ఆమె దేనికీ ఎదురు చెప్పలేదు. చెయ్యి చాపమంటే చాపింది, తీయమంటే తీసింది, తొడుక్కోమంటే తొడుక్కుంది.

లోపల కప్పు ఆకాశమంత ఎత్తున ఉంది. ఒక పక్క అలలు, ఒక పక్క జారుడు గొట్టాలు, చుట్టూ కాలువలా మెల్లగా పారే నీళ్లు. దీపిక అవ్వను గాలి ట్యూబులో కూర్చోబెట్టి నీళ్లలోకి తోసింది. ఆమె మొదట బిగుసుకుపోయి, ఒక మలుపు తిరిగాక నవ్వింది. రెండో చుట్టుకు తనే చేతులతో నీళ్లు తోసుకుంది. ఒడ్డున నిలబడి చూస్తున్న మునిరత్నానికి, బతుకులో పెట్టిన పెట్టుబడుల్లో లాభం ఇలా కళ్లెదురుగా తేలుతూ పోవడం ఇదే మొదటిసారి అనిపించింది.

సాయంత్రం హేమలత తడి జుట్టుతోనే వచ్చి అతన్ని పక్కకు పిలిచింది.

"ఇదో, అత్తకు ఏమో అయింది."

"ఏమైంది? బాగ నవ్వుతాండాది గదా."

"నన్ను మెచ్చుకునింది."

అతను నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగాడు.

"నవ్వులాట కాదు. పెండ్లయినప్పట్నుంచి నా సాంబార్లో ఉప్పు సరిగ్గా ఉండాదని ఒకనాడన్నా అనలే. ఇప్పుడు బట్టలు మార్చుకునేకాడ నా చెయ్యి పట్టుకొని, 'నువ్వు మంచిదానివి హేమా, నేనే నోరు పారేసుకుంటి, మనసులో పెట్టుకోవద్దు' అనె. ఎవురన్నా ఊరికే అట్లంటారా? నాకు భయమైతాండాది."

మునిరత్నం తల్లి దగ్గరికి పోయాడు. ఆమె అలల కొలను పక్కన కుర్చీలో తువ్వాలు కప్పుకుని కూర్చుంది.

"అమ్మా, ఒళ్లు బాగుండాదా?"

"బాగుండాది రా. ఎప్పుడు పోవల్ల?"

"యాడికి?"

"ఆస్పత్రికి. రేపు ఆదివారం, డాక్టర్లుండరు గదా. సోమవారమా?"

అతనికి ఒక్కసారిగా పొద్దుటి నుంచి జరిగిందంతా వరుసగా కనిపించింది: రక్త పరీక్షకు పోయేవాళ్లలా ముట్టని కాఫీ, కుప్పం, చెల్లెలి చేతులు, ఆస్పత్రిలో కట్టినట్టు మణికట్టుకు పట్టీ.

"ఆస్పత్రేందమ్మా! నీకేం రోగం? ఆడుకోను వచ్చినాం."

"సరే."

"సరే కాదు, నిజంగా. ఒట్టు."

"మీ నాయనను బెంగళూరుకు పిల్సుకొచ్చినప్పుడు గూడా ఒట్టేస్తివి గదరా" అంది ఆమె మెల్లగా. "మోకాలి నొప్పికి మందిప్పిస్తాను, ఊరికే రెండు రోజులు అంటివి."

నాలుగేళ్ల కిందటి సంగతి. తండ్రి రెడ్డెప్పకు వచ్చింది నయమయ్యే జబ్బు కాదని డాక్టరు మునిరత్నానికి ఒక్కడికే చెప్పాడు. అతను ఆ మాటను లోపల పెట్టి తాళం వేశాడు. రోగికి చెప్పకపోవడమే మంచిదని తెలిసినవాళ్లందరూ అన్నారు. మూడు నెలలకు తండ్రి పోయాడు.

"నాయనకు తెలీదమ్మా. తెలిస్తే దిగులుతోనే పోతాడని..."

"మీ నాయనకు మొదటి దినమే తెలుసు. ఆ ఆస్పత్రి వరండాలో కూసున్నోళ్లను సూస్తే తెలీదా? మోకాలి నొప్పులోళ్లకు అందరికీ జుట్టు రాలిపోతాదా? రాత్రి నాతో అనె, 'బిడ్డ కష్టపడి దాస్తాండాడు, మనకు తెలుసని వానికి తెలిస్తే ఇరిగిపోతాడు, ఊరుకుందాం లే' అని. ఊరుకుంటిమి."

కొలనులో అలలు ఆగి, పిల్లల కేకలు మాత్రం మిగిలాయి. ఆ మూడు నెలలూ బరువు తానొక్కడే మోశానని ఇన్నాళ్లూ నమ్మాడు మునిరత్నం. ఆ లెక్క తప్పింది. మోసింది వాళ్లిద్దరూ. పైగా తనను కూడా ఎత్తుకుని మోశారు.

"నేను గూడా ఏమీ అడగను" అంది తల్లి. "నీళ్లు బాగుండాయి. దీపిక సంతోషంగా ఉండాది. నువ్వేం బాధపడొద్దు."

అప్పుడే వచ్చిన దీపిక సగం విని గాబరా పడింది. "అవ్వా, నాన్న గాదు, నేనే బుక్ చేసినా. సర్‌ప్రైజ్ అనుకున్నా."

"నీకూ నేర్పించినాడా మీ నాయన!" అని అవ్వ దాని చెంప నిమిరింది.

బజారులో అతని ఒక్క మాట మీద లారీ కదులుతుంది. ఇక్కడ అతను ఎంత గట్టిగా చెబితే తల్లి అంత గట్టిగా నమ్మడం మానేస్తోంది. పుచ్చు సరుకు ఒకసారి అంటగట్టిన వ్యాపారి రెండోసారి బంగారం తెచ్చినా కొనేవాళ్లు గీకి చూస్తారు. తప్పు కొనేవాళ్లది కాదు. చివరికి ఒకటే ఒప్పుకోగలిగాడు: "అప్పుడు అబద్ధం సెప్పినాను. ఇప్పుడు సెప్పలేదు." ఆమె తలూపింది. ఆ తలూపులో ప్రేమ ఉంది గాని, నమ్మకం లేదు.

మరునాడు గది ఖాళీ చేసేటప్పుడు కౌంటరు దగ్గరి పిల్ల వాళ్ల పట్టీలు కత్తిరించడానికి కత్తెర తీస్తూ, అందరికీ చెప్పే మాటే అతనికీ చెప్పింది. "సార్, వచ్చే ఏడు ఇదే వారానికి ఇప్పుడే బుక్ చేస్తే సగం రేటు. కానీ మొత్తం ముందే కట్టాలి. రాకపోతే వాపసు లేదు."

ఇలాంటి మాటలకు మునిరత్నం చెయ్యి ఈగను తోలినట్టు తనంతట తానే ఊగుతుంది. సగం లేచిన చెయ్యి ఆగింది. పక్కన తల్లి మణికట్టు చాపి నిలబడి ఉంది.

"పేర్లు సెప్పల్నా?"

"అవును సార్. ఎవరి పేరుందో వాళ్లే రావాలి. తర్వాత మార్చేదానికి కుదరదు."

"మొదటి పేరు వెంకటలక్ష్మమ్మ అని రాయమ్మా."

వెంకటలక్ష్మమ్మ ఉలిక్కిపడింది. "ఒరే, ఒరే! వాపసు రాదంటాండాది, ఇనపల్లేదా?"

"ఇనపడింది."

"పేరు మార్చేదానికి గూడా కుదరదంట!"

"అదీ ఇనపడింది" అంటూ అతను జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. మిషను చీటీ కక్కింది.

ఆమె ఆ చీటీని, కొడుకును మార్చి మార్చి చూసింది.

"మీ నాయనకు కడ దినాల్లో డాక్టరు నెల మాత్రలు రాసిస్తే, నువ్వు వారానికే కొంటా వస్తివి" అంది. "ఆయనకు ఇంక దినాలు లేవని అప్పుడే నాకు తెలిసిపాయ."

మునిరత్నం తల వంచుకున్నాడు. అతనికే తెలియకుండా చేసిన పని అది. చెయ్యి వేసిన లెక్క.

"ఇప్పుడు ఏడాదికి కడ్తివి" అంది ఆమె. కౌంటరు మీదికి రెండు మోచేతులూ ఆనించి, ఆ పిల్ల వైపు వంగింది. "ఇదో పాపా, మా కుప్పంలో గంగజాతర ఆ వారమే పడతాదేమో సూడు. పడితే ముందు వారానికి రాయి. మా సెల్లెలు విజయమ్మ పేరు గూడా ఎక్కియ్యి, దానికి నీళ్లంటే శానా ఇష్టం."

పిల్ల మునిరత్నం వైపు చూసింది. అతను మారుమాట లేకుండా, అప్పుడే జేబులో పెట్టుకున్న కార్డు మళ్లీ తీశాడు.