నా వెనక ఎర్ర తలపాగా

మెసేజ్ వచ్చేసరికి నేను మాచర్లలో, మా పుట్టింటి డాబా మీద బట్టలు తీస్తున్నాను. చదవగానే సగం ఆరిన టవల్ మెడలో వేసుకుని కిందికి పరుగెత్తాను.

“అమ్మా! గేమ్ పోటీ ఫైనల్ రేపు సత్తెనపల్లిలోనంట. ఇద్దరూ వచ్చి ఆడాలంట!”

అమ్మ గోంగూర ఒలుస్తూ తలెత్తలేదు. “ఆషాఢమాసం. కొత్తకోడలివి, నువ్విక్కడ, అల్లుడు నరసరావుపేటలో. ఇంకేం ఇద్దరే?”

“అదే కదా! అది అత్తగారిల్లు కాదు, మనిల్లూ కాదు. కంప్యూటర్ గేముల షాపు.”

అమ్మ చేతిలోని గోంగూర కాడ పక్కన పెట్టింది. “అత్తగారి గడప తొక్కొద్దన్నారు గానీ షాపు గడప సంగతి ఎవరూ చెప్పలా. ముందు గెలువు. తర్వాత చూద్దాం.”

గెలవాల్సింది ఆ సాయంత్రమే, సెమీఫైనల్లో. ఆన్‌లైన్‌లో ఇద్దరం కలిసి కొండరాక్షసుణ్ణి పడగొట్టాలి. ఎవరి బొమ్మ చచ్చినా ఆట ముగిసినట్టే. గెలిస్తే రేపు మా ఆయన ఉపేంద్రను చూస్తాను. ఓడితే శ్రావణం వచ్చేదాకా వీడియో కాల్‌లో ముఖమే.

నేను లాక్ వేసి ఆడతాను. చేతిలోని కంట్రోలర్ మీద ఒక్క బటన్ నొక్కితే శత్రువు గుండె మీద తెల్లచుక్క పడుతుంది. ఇక వాడెటు దూకినా ఆటలోని కెమెరా వాణ్ణే చూపిస్తుంది. ఇంజనీరింగ్ హాస్టల్లో అబ్బిన అలవాటు. మా ఆయన మాత్రం లాక్ జోలికి పోడు. కుడి బొటనవేలితో కెమెరాను తనే తిప్పుకుంటాడు. మిరప బస్తాలున్న ట్రాక్టరును ఇరుకు సందులో వెనక్కి నడిపేటప్పుడు అతని కళ్లు ఎన్ని వైపులా తిరుగుతాయో, ఆటలోనూ అంతే. ఆ కళ్లంటే నాకెంత ఇష్టమో! కానీ ఆటలో అతనేం చేస్తాడో నాకెప్పుడూ కనబడేది కాదు. నా తెర నిండా రాక్షసుడే.

అందుకే ఏడిపించేదాన్ని. “నేను కొడుతుంటే నువ్వు సంతలో తిరిగినట్టు తిరుగుతావేంది?”

“సంతలో చూడాల్సినవి చానా ఉంటయి మేడం,” అనేవాడు.

దీపాలు పెట్టే వేళకు మొదలుపెట్టాం. అమ్మ వచ్చి నా లాప్‌టాప్ పక్కనే కూర్చుంది. రాక్షసుడి బలం సగానికి తగ్గగానే వాడు కొమ్ము ఊదాడు. వెనక నుంచి నన్నేదో కరిచింది. తెర మీద నా ప్రాణం ఎంతుందో చూపే గీత చివరికొచ్చేసింది.

“తోడేళ్లు! హిమజా, లాక్ తియ్!” హెడ్‌సెట్‌లో ఉపేంద్ర అరిచాడు.

“తీస్తే వాడు తప్పించుకుంటాడు!”

“పోతే పోనీ! తియ్యవే ముందు!”

తీశాను. కెమెరా ఆకాశంలోకి తిరిగింది.

“అదేందే, మబ్బులతో యుద్ధమా?” అంది అమ్మ.

బొటనవేలితో మెల్లగా కిందికి దించాను. మొదటిసారి ఆ మైదానమంతా చూశాను. పక్కన వాగు ఉందనే తెలియదు నాకు! నా వెనక, వీపుకు వీపు ఆనించినంత దగ్గరగా, ఎర్ర తలపాగా చుట్టిన ఉపేంద్ర బొమ్మ. మూడు తోడేళ్లను ఒక్కడే ఆపుతున్నాడు.

“నువ్వెప్పుడూ ఇక్కడే ఉంటావా?”

“మరి ఎక్కడుంటాననుకున్నావు? సరేలే, వాడు ఎగరబోతున్నాడు. ఎగిరితే నా కెమెరాకు అందడు. వాణ్ణి నువ్వే పట్టాలి.”

నిజమే, వాడి దూకుడును అతని బొటనవేలు ఏనాడూ అందుకోలేదు. మళ్లీ లాక్ వేశాను. తెల్లచుక్క వాడితోపాటు గాల్లోకి లేచి, వాడితోపాటే దిగింది. దిగిన చోట నా కత్తి ఉంది. ఈసారి వీపు గురించి భయం లేదు. అక్కడెవరున్నారో ఇప్పుడు తెలుసు.

“గెలిచాం!” హెడ్‌సెట్‌లో అతని కేక అమ్మకు కూడా వినబడింది.

“అల్లుడిని రేపు సత్తెనపల్లి బస్టాండులో ఉండమను,” అంది అమ్మ లేస్తూ. “పొద్దున గుంటూరు బస్సెక్కుదాం. గోంగూర పచ్చడి నేను తెస్తా.”

“ఎక్కుదామా? నువ్వు కూడానా?”

“మరి నీ వెనక ఎవరుండాలే?”