గొడుగు, కుర్చీ, నిమ్మకాయ

టీచరమ్మకు ఒళ్ళు హూనమైపోయింది. మూడు నెలలుగా ఆమెకు కంటినిండా నిద్ర లేదు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మొగుడికి ఒక పొద్దున మెదడులో రక్తనాళం చిట్లి, నెత్తురు గడ్డకట్టి, చుట్టూ వాపొచ్చింది. ఒక చెయ్యి పడిపోయింది, సొంతంగా మాట రావడం మానేసింది. ఆ వాపు తగ్గిస్తే మనిషి ఎంతవరకు కోలుకుంటాడో తేల్చే పరిశోధనలో ఆసుపత్రివాళ్ళు ఆయన్ని చేర్చుకున్నారు. రోజూ ఒక మాత్ర. అది అసలు మందో, ఉత్త పిండి బిళ్ళో ఇచ్చేవాళ్ళకీ తెలియదు, మింగేవాడికీ తెలియదు. నెలకోసారి మాత్రం పరీక్ష ఉంటుంది.

పరీక్ష అన్నాక టీచరమ్మ ఊరుకునే రకం కాదు. మొదటి నెల నర్సు మూడు మాటలు చెప్పి, ఐదు నిమిషాలాగి అడిగితే ఆయన ఒక్కటీ చెప్పలేకపోయాడు. రెండో నెలా అవే మాటలు, అదే వరస. అప్పట్నుంచి పళ్ళు తోమించేటప్పుడూ, చొక్కా మార్చేటప్పుడూ ఆమె వల్లె వేయించింది. ఈయన గట్టెక్కకపోతే మాత్రలు ఆపేసి, ఇంక ఇంతేనని చేతులు దులిపేసుకుంటారని ఆమె భయం.

మూడో నెల పరీక్ష గదిలో నర్సు కాగితం తీసింది. "బాబాయి గారూ, ఇప్పుడు మూడు మాటలు చెప్తాను..."

"గొడుగు, కుర్చీ, నిమ్మకాయ," అన్నాడాయన గడగడా.

నర్సు పెన్ను కింద పెట్టింది. "నేర్పారా అమ్మా?"

"నా బతుకంతా చేసిన పని అదేగా తల్లీ. సున్నా వస్తే మందు ఆపేస్తారేమోనని."

"సున్నా వచ్చినా ఆపరు. కానీ మీరు నేర్పితే వచ్చిన మార్కుల్ని మేం మందు వల్ల వచ్చాయని రాసుకుంటే, రేపు ఇంకొకరింట్లో ఆయనకి పనికిరాని మాత్ర ఇస్తాం."

టీచరమ్మకు తల తీసేసినట్టయింది. పరీక్షలో చూసి రాసిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి ఆమె.

నర్సు ఫైల్లోంచి ఇంకో కాగితం తీసి వేరే మాటలు చెప్పింది: తాళం, దువ్వెన, నిచ్చెన. ఐదు నిమిషాలు గడిచాయి. ఆయన గోడకేసి చూశాడు, పెదాలు కదిపాడు, ఒక్కటీ రాలేదు. నర్సు సున్నా వేసింది. అయినా టీచరమ్మ ఉండబట్టలేక ఆయన చెవి దగ్గరికి వంగి, "తా... తా..." అంది.

ఆయన బాగున్న చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మాట వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

"బడి... వదిలెయ్యవే. అలిసిపోయావు."

ఈ మూడు నెలల్లో ఆమె నేర్పకుండా ఆయన అన్న మొదటి మాట అది. టీచరమ్మ ఆ సున్నా కాగితం పక్కనే తల వాల్చి, పరాయి పిల్ల ఎదురుగా ఉందని కూడా చూడకుండా, ఏడ్చింది.