రాని దగ్గు

"అది మన కొట్లోది కాదని చెప్తున్నాగా. సిగరెట్లు అమ్మడం మానేసి నాలుగేళ్లయింది," అన్నాడు భర్త మూడోసారి.

ఉతికే ముందు కూతురి యూనిఫాం జేబులు తడుముతుంటే ఆమెకు దొరికిన సగం కాలిన సిగరెట్టు, బల్ల మీద నీళ్ల జగ్గు పక్కన పడి ఉంది.

"ఎవరి కొట్లోదని నేనడగలేదు. దీని జేబులోకి ఎందుకొచ్చిందంటున్నాను."

బడి గేటుకి ఎదురుగా వాళ్లకో పుస్తకాల కొట్టుంది. పొద్దున ఆమె, మధ్యాహ్నం నుంచి అతను కూర్చుంటారు. నోటుపుస్తకాల కింది అరలో చాటుగా అమ్మే వేప్ పెన్నులు, పొగ బదులు నికోటిన్ ఆవిరి పీల్చేవి: మామిడి, పుదీనా, పుచ్చకాయ రుచుల్లో. కొట్టు అద్దె కట్టేది ఆ అరే. ఉత్త ఆవిరి, సిగరెట్టు కంటే నయమని అతనంటే ఆమె నమ్మింది. రెండేళ్ల క్రితం కూతురి సంచీలో మామిడి పెన్ను బయటపడితే, "పోనీలే, సిగరెట్టు కాదుగా" అని నవ్వి ఊరుకుంది కూడా.

పదహారేళ్ల కూతురు గుమ్మానికి ఆనుకుని గోళ్లు చూసుకుంటోంది.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం, చెప్పవే," అంది నాయనమ్మ.

"నా పెన్ను టీచర్ లాక్కుంది. రెండ్రోజులు ఉండలేకపోయాను. ఫ్రెండు సిగరెట్టిచ్చింది."

"ఒక్కటేనా?" అంది తల్లి.

"మొదటిరోజు ఒక్కటే."

తండ్రి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చూడు తల్లీ, నా మొదటి సిగరెట్టు నాకింకా గుర్తే. దగ్గలేక చచ్చాను. ఆ దెబ్బకే సగం మంది మళ్లీ దాని జోలికి పోరు. నీకూ దగ్గొచ్చుంటుంది, బుద్ధీ వచ్చుంటుంది. అంతేగా?"

"నాకు దగ్గు రాలేదు నాన్నా."

"కొంచెం కూడా?"

"ఏం కాలేదు. పెన్ను పీల్చి అలవాటేగా." ఆ మాట అన్నాక, తనకే భయం వేసినట్టు తల్లి వైపు చూసింది.

"పొయ్యిలో పడకూడదని పిల్లని పెనం మీద కూర్చోబెట్టావురా," అంది నాయనమ్మ కొడుకుతో. "వేడి అలవాటైపోయింది దానికి."

"అందరికీ ఇలాగే అవుతుందా అమ్మా? మనం అమ్మకపోతే పక్కవాడు అమ్ముతాడు," అన్నాడతను.

అతని భార్యకి కొట్లో జరిగింది గుర్తొచ్చింది. ఈ పొద్దున రెండు జడల పిల్ల ఒకతె వచ్చి, "పుచ్చకాయది ఉందా ఆంటీ?" అని అడిగింది. ఆమె తన చేత్తోనే తీసిచ్చింది. చిల్లర లేకపోతే బదులుగా ఒక రబ్బరు ఇచ్చింది. ఆ పిల్లకి పదమూడేళ్లుంటాయేమో.

ఆమె కూతురి యూనిఫాం చొక్కా బకెట్లో వేసి, వచ్చి అందరి మధ్యా కూర్చుంది.

"రేపు దీన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఇకమీదట పొద్దున ఆ అర తెరవను," అంది. గొంతు పెంచలేదు.

"సరే, మధ్యాహ్నం నేను తెరుస్తాను."

"మధ్యాహ్నం కూడా కొట్లో నేనే కూర్చుంటాను."

"మరి అద్దో?"

"తెలీదు," అంది ఆమె. "ఇంకే ఇంటి పిల్లకీ నా చేత్తో ఇవ్వను."