గీత దాటిన తర్వాత

పందెం గీతకు అవతల, కోత అయిన జొన్న చేలో ఓబులేసు వంగి కొయ్యకాళ్లు పీకుతున్నాడు. ఆళ్లగడ్డ జాతరలో గుర్రాల పందెం ఎక్కడ ముగుస్తుందో ఊరందరికీ తెలుసు. ఉరికే గుర్రాన్ని పట్టి నిలిపే అతని పని అక్కడే మొదలవుతుందని మాత్రం ఎవరికీ పట్టదు. గుర్రం గీత దాటగానే జనం కళ్లు దాని ఆసామి వైపు తిరుగుతాయి. ఓబులేసు దాన్ని నడిపించుకుని వచ్చేసరికి కొబ్బరికాయలు కొట్టడం కూడా అయిపోయి ఉంటుంది.

ఎండి నల్లబడిన మనిషి. ఏళ్ల తరబడి గుర్రాలు గుంజిన ఎడమ భుజం కిందికి జారి ఉంటుంది. ఊపు మీదున్న గుర్రానికి ఎదురు నిలబడకూడదు. అది వస్తున్న దిక్కుకే తానూ పరుగెత్తాలి. పక్కకు రాగానే దవడ దగ్గర కళ్లెం అందుకుని, భుజానికి భుజం ఆనించి, మెల్లగా తల తిప్పుకోవాలి. చేనంతా ఒక పెద్ద చుట్టు, తర్వాత చిన్న చుట్టు, ఆ తర్వాత నడక. దానికి కావలసింది ఖాళీ నేల. ఓబులేసు ఏటా అడిగేదీ అదొక్కటే.

ఈసారి ఆ నేల మీదే పందిరి గుంజలు పాతుతున్నారు. నంద్యాల నుంచి అధికారులు వస్తున్నారట, వాళ్లకు ఎండ తగలకూడదట. తన గుర్రం గెలిస్తే పందిరి ముందే దండ వేయించాలని ఆసామి ఆదినారాయణ ముచ్చట. పందిట్లో నీళ్లు ఇవ్వడానికి ఓబులేసు పెళ్లాం మణెమ్మను పెట్టారు.

"ఆడ పందిరేస్తే గుర్రం యాడ తిరగాల సామీ?" అని ఆసామిని అడిగాడు ఓబులేసు.

"తిరిగేదేందిరా? పందిరి ముందర నిలబెట్టు. ఇన్నేండ్లు పట్టినోడివి, ఇదొక పనా నీకు?"

మెచ్చుకుంటూనే మెడ మీద కత్తి పెట్టడం ఆసాములకు పుట్టుకతో వచ్చే విద్య. కాదంటే వచ్చే ఏడు ఆ పని వేరొకరికి పోతుంది. ఓబులేసు మళ్లీ కొయ్యకాళ్ల మీదికి వంగాడు. వెనక వరసలోనే ఉండమని మణెమ్మకు మాత్రం చెప్పాడు. ఆమె నవ్వి, ఇన్నేళ్లకు మొగుడి పని కళ్లారా చూసే వీలు దొరికిందనీ, వెనక్కి పోనంటే పోననీ అంది.

పొద్దు వాలుతుండగా ఆసామి తమ్ముడు శేషయ్య ఎక్కిన ఎర్ర గుర్రం అందరికంటే ముందు గీత దాటింది. పందిట్లో తప్పెట్లు ఒక్కసారిగా మోగాయి. గుర్రం బెదిరి ఇంకా జోరు అందుకుంది. ఓబులేసు పక్కన పరుగెత్తి కళ్లెం పట్టుకున్నాడు. తిప్పడానికి చోటు లేదు. ఎదురుగా ముందు వరసలో ఆడవాళ్లు, పిల్లలు, చెంబు పట్టుకున్న మణెమ్మ. ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని చేశాడు. గుర్రానికి అడ్డంగా దూకి, రెండు చేతులా దాని ముఖానికి వేలాడాడు.

గుర్రం మోకాళ్ల మీద కూలి అతని మీదికి ఒరిగింది. శేషయ్య పక్కకు పడి లేచాడు. పందిట్లో ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. ఓబులేసు పనిని ఊరు చూసింది అదే మొదలు.

ఆదినారాయణ పరుగున వచ్చి గుర్రం కాళ్లు తడిమాడు. అది లేచి నిలబడ్డాక దండ కూడా వేయించాడు.

నంద్యాల ఆస్పత్రికని ఎద్దుల బండి కట్టారు. ఊరు దాటకముందే ఓబులేసు నోట్లోంచి నెత్తురు పడింది.

"చేను ఇడిసిపెట్టమంటి గదమ్మే. ఇనకపాయిరి," అన్నాడు.

మణెమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి బండివాడు ఏమీ అడక్కుండా ఎద్దులను వెనక్కి మళ్లించాడు.

బట్టకు కంట్రోలు నడుస్తున్న రోజులు, కార్డుకు ఇంతని కొలిచి ఇచ్చేవారు. శవం మీద కప్పడానికి కొత్త గుడ్డ దొరక్క మణెమ్మ తన పాత చీరనే సగానికి చించింది. గుర్రం పట్టినవాడి తలకు పందెం అయ్యాక ఆసామి కొత్త రుమాలు చుట్టడం ఆనవాయితీ. ఈ ఏడు కూడా దాన్ని తెప్పించే ఉంచారు. మర్నాడు లాయంలో ఎర్ర గుర్రం తీరిగ్గా గడ్డి మేస్తోంది. గీరుకుపోయిన దాని మోకాలికి చుట్టిన తెల్ల రుమాలు మీద మడతల గీతలు ఇంకా పోలేదు.