చిగిర్చిన ఇంటిపేరు

వారానికోసారి, తోటలో రబ్బరు పాలు తూకం వేయించి చేతులు కడుక్కోగానే, చిన్నతల్లి ఖాళీ గోనెసంచి భుజాన వేసుకుని చీనావాళ్ళ కొత్త ఊరికి వెళ్ళేది. చుట్టూ ముళ్ళకంచె, ఒక్కటే గేటు. తిరిగి వచ్చేటప్పుడు కాపలావాడు సంచిలో చెయ్యి పెట్టి వెతికేవాడు, అడవిలో ఉన్న తిరుగుబాటుదార్లకి బియ్యం చేరుతున్నాయేమోనని. సంచిలో ఉండేది ఎప్పుడూ చెక్క పొట్టే. ఓంగ్ తాత దుకాణంలో ఊడ్చి తెచ్చేది. పొయ్యి రాజెయ్యడానికి దాన్ని మించింది లేదు.

ఓంగ్ తాత ఇంటిపేర్లు చెక్కేవాడు. అక్కడ ప్రతి చీనా ఇంటి గుమ్మం మీదా ఒక పేరు చెక్క ఉండేది. సిపాయిలు వాళ్ళని మేకలతో, కుండాచట్టీలతో సహా లారీలెక్కించి తెచ్చి కంచెలో దింపినప్పుడు, ఇంకా పైకప్పులు వేసుకోకుండానే పేర్లు కొట్టుకున్నారట. మూడు వేల ఏళ్ళ పేర్లవి. కొన్ని అంతకన్నా పాతవి. తమవాళ్ళ చెయ్యి తగిలితే చెక్కకి ఆ పేరు పుట్టిన చోటు గుర్తొచ్చేది. టాన్ వాళ్ళ చెక్క నుంచి ఏదో పాత నది నీళ్ళు కారేవి. ఆ ఇంటి ఆడవాళ్ళు కింద గంగాళం పెట్టుకుని ఆ నీళ్ళతోనే బట్టలుతుక్కునేవారు. లిమ్ వాళ్ళ చెక్కలు చిగిర్చేవి, ఏడాదికోసారి కత్తెరేసి దిద్దేవారు.

చిన్నతల్లి కూడా చీనా పిల్లే. చీనా లెక్కలో పులి ఏట పుట్టిన ఆడపిల్ల అరిష్టమని, పంతొమ్మిదేళ్ళ కిందట ఎవరో తల్లి వానలో తడుస్తూ తోటకి వచ్చి, అక్కడి తెలుగు కూలీ కూర్మమ్మ ఒళ్ళో పెట్టి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయింది. అలా పెరిగిన పిల్లలు ఆ తోటల్లో ఇంకా చాలామంది ఉన్నారు గనక ఎవరికీ వింత కాలేదు. చిక్కు పెళ్ళి దగ్గర వచ్చింది. సుంగై పెటాని బస్సు కండక్టరు అప్పడు, చిన్నతల్లి రెండేళ్ళుగా ఒకరినొకరు ఇష్టపడుతున్నారు. అప్పడిది పైలవారి ఇల్లు. కూర్మమ్మ మొగుడు చనిపోయాడు గాని, అతనిదీ పైలవారి ఇల్లే. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళ వరస. మొగుడి అన్న వెంకటసామి, కులానికి పెద్ద, కుదరదనేశాడు.

"నా ముకం సూడు పెదనాన్నా, నేను పైలోరి పిల్లలాగున్నానా?" అని అడిగింది చిన్నతల్లి.

"ముకం నీదే అమ్మీ. పేరు మాది. మీ యమ్మ పదిమంది ముందు పైలోరి పిల్లగా ఒళ్ళో ఏసుకుంది గదా. నీకు పుట్టింటి పేరుంటే సూపించు. లేదా ఆదివారం అప్పడికి ఇంకో పిల్లని సూడ్డానికి ఎల్తాను."

శనివారం కూర్మమ్మ, చిన్నతల్లి, వెంకటసామి ముగ్గురూ ఓంగ్ తాత దుకాణానికి వెళ్ళారు. తాత ఒక్కో చెక్కనీ తెచ్చి ముందు పెట్టడం, చిన్నతల్లి అరచెయ్యి ఆనించడం. టాన్. ఓంగ్. ఖూ. లీ. లిమ్. నలభై పేర్లయ్యాయి. చెమ్మ లేదు, వాసన లేదు. తన దగ్గర లేని పేరు కావచ్చని తాత మలై మాటల్లో నెమ్మదిగా అన్నాడు. వెంకటసామి తలగుడ్డ చుట్టుకుని లేచాడు. చిన్నతల్లి అరచేతిలో దిగిన చెక్క పేళ్ళు తీసుకుంటూ కూర్చుంది. ఆదివారం అంటే రేపే.

పరాయి ఇల్లు చిందరవందరగా వదిలి రావడం కూర్మమ్మకి చేతకాదు. చెక్కలన్నీ ఏరి గోడకి ఆనిస్తోంది. లిమ్ చెక్క ఎత్తిందో లేదో, ఆమె వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి చిగురు బయటికొచ్చింది. తరవాత ఇంకొకటి.

ఓంగ్ తాత ఉలి కింద పెట్టాడు. ఏ ఇంటి ఆడపడుచువని అడిగాడు. కిల్లివారి పిల్లనంది కూర్మమ్మ. బిడ్డతో ఎప్పుడైనా అడవిలో దాక్కున్నావా అని అడిగాడు.

"జపానోళ్ళు వచ్చినప్పుడు," అంది కూర్మమ్మ. "చీనా ముకాలు ఏరుతున్నారని ఇన్నాను. దీన్ని ఈపున కట్టుకుని అడవిలోకి పోయినాను. పదకొండు రోజులు. అదేటి, సెప్పుకునే సంగతా?"

చిన్నతల్లికి ఆ రోజుల్లోది ఒక్కటే మిగిలింది: తడి ఆకుల వాసన. ఇన్నేళ్ళూ అది కల అనుకుంది. ఇప్పుడు అదే వాసన దుకాణం నిండా ఉంది.

తాత చెప్పాడు: మూడు వేల ఏళ్ళ కిందట ఒక దుర్మార్గపు రాజు సొంత బాబాయినే చంపించాడు. కడుపుతో ఉన్న ఆయన భార్య సిపాయిలకి చిక్కకుండా అడవిలోకి పారిపోయి, చెట్ల మధ్య బిడ్డని కంది. తండ్రి పేరు పైకి చెప్తే బిడ్డ బతకడు. కొత్త రాజు వచ్చాక ఆ బిడ్డకి అడవి పేరే ఇంటిపేరుగా ఇచ్చాడు. అడవంటే లిమ్.

"దాచిన తల్లి తెచ్చిన పేరు అది," అన్నాడు తాత. "చెక్క అటువంటి తల్లిని మర్చిపోదు."

చిన్నతల్లి వెళ్ళి అమ్మ చేతి పక్కన తన చెయ్యి ఆనించింది. ఇందాక ఎండు చెక్కలా ఉన్నదే, ఇప్పుడు ఆమె మణికట్టు దాకా ఆకులేసింది. ఆమెకి ఊపిరి తీసుకోవడానికి కూడా భయమేసింది. చెయ్యి కదిలిస్తే మూడు వేల ఏళ్ళు నలిగిపోతాయేమోనని.

వెంకటసామి తలగుడ్డ విప్పేశాడు. ఒక ఆకు తుంచి వాసన చూశాడు. "నా తమ్ముడు లిమ్మోరి పిల్లని కట్టుకున్నాడని ఇయ్యాలే తెలిసినాది," అన్నాడు. "మరేటి, తల్లి పేరు పిల్లకొస్తాది. పైలోరికి ఇవ్వచ్చు."

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మెర్దెకా జెండాలు ఎగిరిన మరుసటి వారం పెళ్ళి. చెక్కని తోట కూలీల లైనులో కూర్మమ్మ ఇంటి గుమ్మానికి కొట్టారు, పందిరికి ఆకులు ఎక్కడినుంచీ తేనక్కర్లేకపోయింది. ఏ వారి పిల్లని ఇస్తున్నారని పెళ్ళి పెద్ద అడిగాడు. ఆ మాట చెప్పవలసింది మగవాళ్ళు. వెంకటసామి నోరు తెరవబోయి, ఆగి, పక్కకి జరిగాడు. కూర్మమ్మ చీరకొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"నా పిల్ల," అంది. "లిమ్మోరి పిల్ల."