కోమలి వంగితే తగ్గే మోటారు

కోమలి రోలర్ల మీదికి వంగితే చాలు, మోటారు దానంతటదే నెమ్మదించేది. వేగం మార్చే నాబ్‌ని ఎవరూ తాకేవాళ్లు కాదు. అయినా మీటరు ముల్లు దిగిపోయేది. ఆమె చెయ్యి వెనక్కి తీయగానే మళ్లీ లేచేది.

నాయుడుపేట దగ్గర చెప్పుల ఫ్యాక్టరీలో నెల నుంచీ ఇదే వరస. అక్కడ రెండు ఇనుప రోలర్ల మధ్య వేడి రబ్బరు నలుగుతుంది. జారిన ముక్కల్ని ఆడవాళ్లు చేత్తోనే లోపలికి తోస్తారు. మిల్లు ఆపితే రబ్బరు బిగుసుకుపోతుందని ఎవరూ ఆపరు. ముప్పై ఏళ్లు మునెయ్య ఆ నాబ్ దగ్గర నిలబడి, ఎవరి చెయ్యి రోలర్ల దగ్గరికొచ్చినా వేగం తగ్గించేవాడు. నెల కిందట గుండె ఆగి ఆయన పోయాక, ఎలక్ట్రీషియన్ అయిన కూతురు జయంతి ఆ పనిలో చేరింది.

మేనేజరుకి దెయ్యమన్నా లెక్కలేదు, సరుకు తగ్గితేనే వణుకు. మోటారు పానెల్లో సర్క్యూట్ కార్డు చెడింది, మార్చెయ్యమన్నాడు. జయంతికీ అదే నమ్మాలని ఉంది. పానెల్లో కరెంటుకి తలుపులాంటిది థైరిస్టరు; అది ఎంత ఆలస్యంగా తెరిస్తే మోటారుకి అంత తక్కువ కరెంటు. ఎప్పుడు తెరవాలో చెప్పేది ఆ కార్డే. లోపం ఇంకెక్కడుంటుంది మరి! కార్డు మార్చింది, థైరిస్టర్లు మార్చింది, చివరికి నాబ్ కూడా కొత్తది బిగించింది.

మధ్యాహ్నం మిల్లు నడిచింది. కోమలి వంగింది. ముల్లు దిగింది.

జయంతి గబగబా పానెల్ దగ్గరికెళ్లింది. కొత్త నాబ్ మీద చెయ్యి వేస్తే, ఎవరో అంతసేపూ పట్టుకున్నట్టు వెచ్చగా ఉంది.

ఆడవాళ్లకి మాత్రం భయం లేదు. మునెయ్యన్న ఉండాడులే అంటూ రోజురోజుకీ చేతులు ఇంకా లోపలికి పెడుతున్నారు. వాళ్లు చూడనిది జయంతి చూసింది. ముల్లు మొన్నటికన్నా నిన్న, నిన్నటికన్నా ఇవాళ ఆలస్యంగా దిగుతోంది. ఏదో ఒకరోజు అసలు దిగదు. ఆ రోజు ఎవరి చెయ్యి పోతుందో!

"నాయనా, అలిసిపోయినావు," అంది మెల్లగా, నాబ్ వదలకుండా. "ఇంక పో. ఈళ్ల చేతులు నేను సూసుకుంటా."

అరచేతి కింద నాబ్ చల్లబడిపోయింది.

అంతలోనే, కబుర్లలో పడి కోమలి ఎప్పటికన్నా దగ్గరగా రోలర్ల మీదికి వంగింది. ముల్లు కదల్లేదు. జయంతి నాబ్‌ని సున్నాకి తిప్పేసింది. రోలర్లు ఆగేసరికి కోమలి వేళ్లు వాటికి బెత్తెడు దూరంలో ఉన్నాయి.

"ఏందబ్బా, మునెయ్యన్న ఈపొద్దు ఇంత ఆలస్యం చేసినాడు," అంది కోమలి, చెయ్యి దులుపుకుంటూ.

"నాయన లేడత్తా. పోయినాడు. ఇంక చెయ్యి పెట్టే ముందు నా పక్క సూడు."

నాయన పోయాడన్న మాట తన నోటితో అన్నాకే, ఇన్నాళ్లకి, జయంతికి ఏడుపొచ్చింది. నాబ్ మీద చెయ్యి తీయకుండానే ఏడ్చింది.