ఉసూరు ఎనుము

ఆ శుక్రవారం ఆళ్లగడ్డ ఇంట్లో ఉన్నది వీళ్లు: వరండా మంచం మీద అవ్వ కమలాక్షమ్మ, ఫ్యాను కింద నాయన రాజశేఖర్, నంద్యాల నుంచి చెప్పాపెట్టకుండా దిగిన మేనత్త, ఆమె ఇద్దరు పిల్లలు, వాళ్ల మధ్య హిమజ. అమ్మ నాగజ్యోతి వంటింట్లో ఉంది. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే ఆమె పేరు ఎప్పుడూ చివరికే గుర్తొస్తుంది.

మేనత్త దిగిన బస్సే తిరిగి నంద్యాల పోతుంది. అమ్మ ఎక్కాల్సింది ఆ బస్సే. అక్కడొక బడిలో టీచరు పనికి రమ్మన్నారు. ఎప్పుడో చదివిన బీయీడీ సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని గడప దాకా వచ్చింది. ఎదురుగా ఆడబిడ్డ.

"యాడికి వదినా, ఇట్ల తయారైనావ్?"

అమ్మ నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు. "యాడికీ ల్యాదులేమ్మా, నువ్వు కూర్చో. జ్యోతీ, పిల్లోళ్లకు ఓళిగలంటే ఇష్టం గదా, పప్పు ఉడకెయ్. ఆ బడి యాడికి పోతాది, ఇంకోసారి పోదువులే."

అమ్మ అదే చీర కొంగు దోపుకుని పొయ్యి ముందుకు పోయింది.

పిల్లలు హిమజను పట్టుకున్నారు. "హిమజొదినా, కత చెప్పు!"

"నెమలి కత చెప్తా, కొత్తది."

"వద్దు. ఉసూరు ఎనుమే కావాల."

ఎప్పుడూ ఉసూరుమంటూ తిరిగే ఆ గేదెను హిమజే సొంతంగా అల్లింది. అది మడుగు చేరేసరికి నీళ్లు ఎండిపోతాయి. కొమ్ములకు రంగేయించుకున్న రోజే వాన పడుతుంది. రంగు కారుతున్న కొమ్ములతో తోక వేలాడేసుకుని, "నాకు తెల్సులే, నాకిట్లే అయితాది" అంటుంది. పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. నాయన కూడా ఫోను పక్కన పెట్టి నవ్వాడు. "నా తల్లే, ఆ మొగం తల్సుకుంటేనే ముద్దొస్తాది" అంది అవ్వ.

నెమలినీ కుందేలునూ కాదని అందరికీ ఈ ఎనుమే ఎందుకు కావాలో అని హిమజకు చాలాసార్లు అనిపించేది. కతలో మేక, ఉడుత దాన్ని బాగుచేయాలని చూడవు. మొగం ఎందుకట్లా పెట్టినావని అడగవు. వానలో వచ్చి ఊరికే పక్కన నిలబడతాయి. ఆ ముడిచిన మూతితోనే అది అందరి మధ్యా ఉండొచ్చు. బడిలో నలుగురిలో నోరు పెగలక, ఇంటికొస్తే "నవ్వితే నీ సొమ్మేం పోతాదే" అనిపించుకునే హిమజకు, తానుండలేని చోట ఆ ఎనుమును ఉంచినట్టుండేది.

పొద్దు గుంకింది. "తలుపులన్నీ తెరువు హిమా, లచ్చిమొచ్చే యాళైంది" అని అవ్వ కేకేసింది. దీపాలవేళ ఆ ఇంట్లో ఏ తలుపూ మూయరు. అప్పుడే అమ్మ ఓళిగల పళ్లెం తెచ్చి పెట్టింది.

"ఏందే ఆ మొగం? శుక్రవారం పూట ఇంటి ఆడది మొగం మాడ్చుకుంటే లచ్చిమి గడప తొక్కుతాదా?" అంది అవ్వ.

"మేమొచ్చింది వదినకు ఇష్టం ల్యాదేమో" అంది మేనత్త, ఓళిగ తుంచుతూ.

"నవ్వితే ముత్యాలు రాల్తాయేమో మీ వదినకు" అన్నాడు నాయన.

అమ్మ లోపలి గదిలోకి పోయింది. నాయన హిమజకు కళ్లతో సైగ చేశాడు. పోయి అమ్మకు నచ్చజెప్పి పిల్చుకు రమ్మని.

పోకూడదనే ఉంది. అయినా కాళ్లు పోయాయి. అమ్మ మంచం అంచున సంచి ఒళ్లో పెట్టుకుని, అప్పుడే ఎవరితోనో మాట్లాడిన ఫోను పట్టుకుని ఉంది.

"అమ్మా, ఒక్కసారి నవ్వుకుంటా వచ్చి దీపం పెట్టిపోమ్మా. మళ్ల నీ ఇష్టం."

అమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది.

"నీ ఎనుమును ఎవరన్నా నవ్వమంటారా, హిమా?"

హిమజ తల అడ్డంగా ఊపింది.

"బడోళ్లు రేపు రమ్మన్నారు. మొదటి బస్సుకే పోతాండా, ఈ మొగంతోనే. పోయి చెప్పు మీ నాయనకు."

వీధి తలుపు బార్లా తెరిచి ఉన్న ఆ దీపాలవేళ, అమ్మ హిమజ మొగం మీదే తలుపు మూసి గడియ పెట్టింది.